నీళ్లు తాగితే చాలదు, ఒంటపట్టాలి: బంగ్లాదేశ్, పాకిస్థాన్ కథలో తిరగబడిన వరస

[తెర మీద రెండు అంకెలు పక్కపక్కన: 2,600, 1,500]

ఈ రెండు అంకెలను మీరు ఈపాటికే ఎన్నోసార్లు చూసి ఉంటారు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2024లో బంగ్లాదేశ్ తలసరి జీడీపీ సుమారు 2,600 డాలర్లు, పాకిస్థాన్‌ది సుమారు 1,500 డాలర్లు. ఒకే దేశంగా ఉండి 1971లో విడిపోయిన ఈ రెండింటిలో తూర్పు భాగం ఎలా ముందుకు వెళ్లిందని ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుంది: బంగ్లాదేశ్ బట్టలు కుట్టి డబ్బు సంపాదించింది, ఆ డబ్బుతో బడులూ ఆసుపత్రులూ బాగుపడ్డాయి, అందువల్ల అక్కడి జనం ఎక్కువకాలం బతుకుతున్నారు. ఈ జవాబు విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది. అందులో చెప్పిన సంగతులు అబద్ధాలని కాదు. అవి జరిగిన వరస తిరగబడిపోయిందని.

[1971 నుంచి మొదలయ్యే రెండు గీతలు]

బంగ్లాదేశ్ పుట్టేనాటికి అక్కడి సగటు ఆయుర్దాయం పాకిస్థాన్ కంటే కొన్నేళ్లు తక్కువ. 1970 నవంబరులో భోలా తుపాను లక్షల ప్రాణాలను తీసుకుపోయింది, మరుసటి ఏడాది యుద్ధం, 1974లో కరవు. ఈ దేశం ఎప్పటికీ ఒకరి చేయి చూసి బతకవలసిందేనని వాషింగ్టన్‌లో పెద్దలు తేల్చేశారు. (ఆ మాటను అందరూ అప్పటి అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ ఖాతాలో వేస్తారు కానీ, 1971 డిసెంబరు సమావేశంలో ముందుగా అన్నది అలెక్సిస్ జాన్సన్ అనే అధికారి, అయినా ఆ భారం మనమే మోయనక్కర్లేదని జోడించింది మాత్రం కిసింజరే.) అలాంటి దేశంలో ఆయుర్దాయం గీత 1990వ దశకంలో పాకిస్థాన్ గీతను దాటింది. అయిదేళ్లలోపు పిల్లల మరణాల రేటు కూడా అదే దశకంలో పాకిస్థాన్ కంటే కిందికి దిగింది. తలసరి జీడీపీ గీత దాటడానికి మాత్రం 2010వ దశకం రెండో సగం దాకా ఆగవలసి వచ్చింది. అంటే దాదాపు ఇరవై ఏళ్లపాటు, తనకంటే ఎక్కువ ఆదాయమున్న పాకిస్థాన్‌లో కంటే పేద బంగ్లాదేశ్‌లోనే పసిపిల్లలు ఎక్కువగా బతికి బట్టకట్టారు. బట్టల డబ్బే కారణమని చెప్పేవారు ఈ ఇరవై ఏళ్లకు ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు.

నా జవాబు ఒక చెంబుడు నీళ్లలో ఉంది.

[మూడు వేళ్ల మధ్య ఉప్పు, దగ్గరగా]

ఢాకా నగరంలో 1960లో ఒక కలరా పరిశోధనశాల మొదలైంది. కలరా సోకిన మనిషికి ఉత్త నీళ్లు ఎన్ని తాగించినా ఒంటపట్టవు, వచ్చిన దారినే పోతాయి. కానీ ఆ నీళ్లలో తగు పాళ్లలో ఉప్పూ చక్కెరా కలిపితే, పేగు గోడలోని ఒక ద్వారం ఆ రెండింటినీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ లోపలికి పోతాయి. ఉప్పు ఒక్కటే ఉన్నా, చక్కెర ఒక్కటే ఉన్నా ఆ ద్వారం సరిగ్గా తెరుచుకోదు. 1968లో ఆ పరిశోధనశాల వైద్యులు దీన్ని రోగుల మీద నిరూపించారు. 1971లో బంగ్లా శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఇదే ద్రావణాన్ని పీపాల్లో కలిపి పంచితే, ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు తగ్గాయి.

ఇంతవరకూ వైద్య చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. నన్ను ఆకట్టుకునే భాగం ఆ తరవాతిది. చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం వదులుకుని ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన బ్రాక్ సంస్థ, 1980 నుంచి పదేళ్లపాటు తన మహిళా కార్యకర్తలను ఊరూరా తిప్పి, కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు ఈ పానీయం చేయడం నేర్పింది. పొట్లాలు పంచలేదు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు, అంతే. బెంగాలీలో దాని పేరు లొబొన్-గుడ్ షర్బత్. లవణమూ గుడమూ మనకు పరాయి మాటలేమీ కావు. కార్యకర్త వాకిట్లో కూర్చుని, ఇంట్లో ఉన్న చెంబుతోనే నీళ్లు కొలిపించి, చిటికె ఎంత ఉండాలో ఆ తల్లి వేళ్ల మీదే చూపించి, ఆమె చేతనే కలిపించేది. కొన్ని వారాల తరవాత మరొకరు చెప్పాపెట్టకుండా అదే ఇంటికి వచ్చి, ఆ తల్లికి ఏమేం గుర్తున్నాయో అడిగి, మళ్లీ కలిపించి చూసేవారు. కార్యకర్త జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందన్న దాన్ని బట్టి కాకుండా, ఆ తల్లికి ఎంత గుర్తుందన్న దాన్ని బట్టి ఉండేది. ప్రపంచంలోని ఏ ప్రభుత్వ శాఖలోనైనా ఈ పద్ధతిని పెడితే ఎన్ని జీతాలు మిగులుతాయో ఒకసారి ఊహించుకోండి.

ఇప్పుడు ఈ పానీయాన్నే కొలబద్దగా పట్టుకుని రెండు దేశాలను చూద్దాం. ఆదాయాన్ని నీళ్లనుకోండి. ఇంటి గడప దాకా వచ్చి ఆడవాళ్లకు అందిన ఆరోగ్య విజ్ఞానం ఉప్పు. ఆ ఆడవాళ్లకు తమ జీవితం మీద దొరికిన పట్టు, అంటే చదువూ, ఎంతమంది పిల్లలను కనాలన్న నిర్ణయమూ, చేతిలో సొంత డబ్బూ, అది బెల్లం. ఈ రెండూ జంటగా ఉన్నచోట కొద్దిపాటి నీళ్లు కూడా ఒంటపడతాయి. లేనిచోట కుండలకొద్దీ పోసినా అంతే.

[భాగహారం]

బెల్లం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే తలసరి అన్న మాటలోనే అది దాగి ఉంది. తలసరి అంటే భాగహారం. అందరూ పైనున్న సంఖ్యను చూస్తారు, కిందనున్న సంఖ్యను మరిచిపోతారు. 1972 జనగణనలో పాకిస్థాన్ జనాభా సుమారు 6.5 కోట్లు. 1974 జనగణనలో బంగ్లాదేశ్ జనాభా 7 కోట్లకు పైనే. అంటే విడిపోయేనాటికి పెద్ద సంసారం తూర్పుదే. 2023 జనగణనలో పాకిస్థాన్ 24 కోట్లు దాటింది. 2022 నాటికి బంగ్లాదేశ్ సుమారు 17 కోట్ల దగ్గర ఉంది. బంగ్లాదేశ్ పుట్టిన కొత్తలో రెండు దేశాల్లోనూ ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. ఇటీవలి జాతీయ ఆరోగ్య సర్వేల్లో అది బంగ్లాదేశ్‌లో 2.3కి, పాకిస్థాన్‌లో 3.6కి వచ్చింది. చాంద్‌పూర్ జిల్లాలోని మత్లబ్ ప్రాంతంలో 1977 నుంచి మహిళా కార్యకర్తలు రెండేసి వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి కుటుంబ నియంత్రణ సాధనాలను చేతికే అందించారు. పక్క ఊళ్లతో పోలిస్తే అక్కడ జననాలు త్వరగా తగ్గడం చూసిన ప్రభుత్వం, తానూ వేల సంఖ్యలో మహిళలను నియమించుకుంది. ఇక్కడ కూడా దారి అదే: వాకిలి, చాప, ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్లు.

మరి పాకిస్థాన్‌కు నీళ్లు తక్కువయ్యాయా? అసలు కాలేదు. 1960వ దశకంలో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ హయాంలో అది వేగంగా పెరిగిన దేశం, సింధు నది కాలవల కింద హరిత విప్లవాన్ని చూసిన దేశం. ఆ పెరుగుదలను పండగలా జరుపుకుంటున్న 1968లోనే, ప్రణాళికా సంఘం ప్రధాన ఆర్థికవేత్త మహబూబుల్ హక్ కరాచీలో లేచి, దేశంలోని పరిశ్రమల్లో మూడింట రెండు వంతులు, బ్యాంకులూ బీమాలో అధికభాగం ఇరవై రెండు కుటుంబాల చేతుల్లో ఉన్నాయని కుండబద్దలు కొట్టాడు. అదే హక్, ఢాకాతో కుటుంబ బంధమున్న తన మిత్రుడు అమర్త్య సేన్ తోడ్పాటుతో, 1990లో ఐక్యరాజ్య సమితి కోసం మానవాభివృద్ధి సూచికను తయారుచేశాడు. నీళ్లెన్ని పోశారని కాదు, ఎన్ని ఒంటపట్టాయో కొలిచే పరికరాన్ని చేసిన మనిషి పాకిస్థానీ. 2025 నివేదికలో ఆ పరికరం మీద బంగ్లాదేశ్ స్థానం 130, పాకిస్థాన్ స్థానం 168. (మన టీవీ చర్చల్లో చెప్పరు కానీ, ఆ 130వ స్థానంలో బంగ్లాదేశ్ పక్కన కూర్చున్నది భారతదేశమే.)

పాకిస్థాన్‌లో ఉప్పు లేదనడం కూడా అన్యాయమే. బేనజీర్ భుట్టో ప్రభుత్వం 1994లో ఇంటింటికీ వెళ్లే మహిళా ఆరోగ్య కార్యకర్తల పథకాన్ని మొదలుపెట్టింది, అది మంచి పథకమే, కానీ తూర్పున ఆ పని మొదలై అప్పటికే పదిహేనేళ్లు దాటింది. పైగా ఆ గడపల దగ్గరి నమ్మకానికి తరవాత పెద్ద దెబ్బ తగిలింది. 2011లో బిన్ లాడెన్‌ను వెతకడానికి అమెరికా గూఢచారి సంస్థ అబ్బొట్టాబాద్‌లో ఉత్తుత్తి టీకాల కార్యక్రమం నడిపించిందని బయటపడ్డాక, పోలియో చుక్కలు వేసే ఆడవాళ్లను జనం అనుమానించారు, తీవ్రవాదులు కాల్చి చంపారు. ఈనాటికీ సహజ పోలియో వైరస్ ఆగకుండా తిరుగుతున్నవి రెండే దేశాలు, అందులో పాకిస్థాన్ ఒకటి. ఇంటి తలుపు మూసుకుపోతే చిటికెడు ఉప్పు కూడా లోపలికి పోదు.

ఇప్పుడు బట్టల సంగతికి వస్తాను, అనుకున్న సమయం దాటుతోంది కాబట్టి గబగబా చెబుతాను. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 130 మందిని కొరియాలోని దేవూ కర్మాగారానికి పంపి పని నేర్పించింది, వాళ్లలో చాలామంది తరవాత సొంతంగా కర్మాగారాలు పెట్టుకున్నారు, ఇప్పుడు దేశ ఎగుమతుల్లో నాలుగు వంతులకు మూడు వంతుల పైన బట్టలే. కానీ ఆ మిషన్ల ముందు కూర్చోవడానికి లక్షలమంది యువతులు ఊళ్ల నుంచి రాగలిగారంటే, అంతకుముందే కాన్పులు తగ్గాయి, ఆడపిల్లలు బడికి వెళ్లారు, ఆడది గడప దాటి పని చేయడం జనం కంటికి అలవాటైంది. 1994లో దేశమంతటా పెట్టిన బాలికల ఉపకారవేతనం ఈ దారిని వెడల్పు చేసింది. బట్టల డబ్బు అనే ఆ నీళ్లు ఎంత మురికివో 2013 ఏప్రిల్ 24న సావార్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు లోకానికి తెలిసింది. అటు విదేశాల నుంచి వచ్చే నీళ్లూ చూడండి: 2024-25లో విదేశాల్లోని పాకిస్థానీలు ఇంటికి పంపిన సొమ్ము సుమారు 38 బిలియన్ డాలర్లు, బంగ్లాదేశీయులు పంపింది సుమారు 30 బిలియన్ డాలర్లు. అయినా పాకిస్థాన్‌లో ఇంకా రెండున్నర కోట్లమంది పిల్లలు బడి బయటే ఉన్నారు.

నా పోలికకు అడ్డం వచ్చే సంగతులను దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. మొదటిది, బాల్య వివాహాలు. ఉపకారవేతనానికి పెళ్లి కాకుండా ఉండాలన్న షరతు పెట్టిన బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ దాదాపు సగం మంది యువతులకు పద్దెనిమిది నిండకముందే పెళ్లవుతోంది. పాకిస్థాన్‌లో ఆ వాటా అయిదింట ఒక వంతు కూడా లేదు. నా ఉప్పూ బెల్లం సిద్ధాంతంతో దీన్ని వివరించలేను. రెండోది, విరేచనాల నుంచి కాపాడడానికని 1970ల నుంచి ఊరూరా వేసిన గొట్టపు బావుల నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1993లో తేలింది. కోట్లమంది ఏళ్ల తరబడి దాన్నే తాగారు. మూడోది, ఢాకా ప్రకటించిన జీడీపీ అంకెలు ఉబ్బించినవని 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వమే వేసిన శ్వేతపత్ర సంఘం చెప్పింది, కాబట్టి మొదట చూపిన 2,600ను కాస్త అనుమానంతోనే చూడండి. పిల్లల మరణాల లెక్కలు స్వతంత్ర సర్వేలవి కాబట్టి ఈ అనుమానం వాటికి అంతగా అంటదు.

ఇక చివరిది. ఆ పానీయానికి ఒక హద్దు ఉందని ఏ వైద్యుణ్ని అడిగినా చెబుతాడు: అది విరేచనాలను ఆపదు, అవి తగ్గేదాకా బిడ్డను బతికించి ఉంచుతుంది, అంతే. 2024 జులైలో స్వాతంత్ర్య సమరయోధుల కుటుంబాలకు ఇచ్చే ముప్ఫై శాతం ఉద్యోగాల కోటా మీద కోపంతో ఢాకా వీధుల్లోకి వచ్చి, ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి వెళ్లేదాకా కదలని విద్యార్థుల్లో చాలామంది 2000 ముందూ వెనకా పుట్టినవాళ్లు, అంటే పిల్లల మరణాల గీత పాకిస్థాన్ గీత కంటే కిందికి దిగిన తరవాత పుట్టినవాళ్లు. వాళ్లు ఉద్యోగం అడిగారు.