కరపత్రం మీద లేని పేరు

సభకు నమస్కారం. మహిళా దినోత్సవం కదా, రోజా పార్క్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను గానీ ఆమె దగ్గర ఎక్కువసేపు ఆగను, నిర్వాహకులు మన్నించాలి. 1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం, అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గమరీ నగరం. నల్లజాతి మనిషి అయిన ఆమె బస్సులో తెల్లవాళ్ళకు సీటు వదలనంది, పోలీసులు పట్టుకుపోయారు. ఇదంతా మీకు తెలుసు. సోమవారం పొద్దున నల్లవాళ్ళు ఎక్కక బస్సులు ఖాళీగా తిరిగాయి. అదీ తెలుసు. మధ్యలో ఉన్నవి మూడు రోజులు. బస్సులెక్కొద్దని ఊళ్ళో ఇంటింటికీ కబురు ఎవరు చేర్చారు? ఈ ప్రశ్న మనం అడగం. నా బాధంతా అదే.

ఆవిడ పేరు జో ఆన్ రాబిన్సన్. నల్లజాతి పిల్లలు చదివే అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిషు చెప్పేది. 1949లో ఒకరోజు, దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందునుంచి ఐదో వరసలో కూర్చుంది. డ్రైవరు లేచి అరిచాడు, కొట్టేంత పని చేశాడు. ఏడుస్తూ దిగిపోయింది. ఆ బస్సుల్లో 36 సీట్లుంటే ముందు పది తెల్లవాళ్ళవి. తెల్లవాళ్ళు ఒక్కరూ లేకపోయినా నల్లవాళ్ళు వాటిలో కూర్చోకూడదు. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు దగ్గరికి నడిచి ఎక్కాలి. ఈలోగా బస్సు కదిలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బులు పోయినట్టే.

మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో పెట్టిన మహిళా రాజకీయ మండలికి రాబిన్సన్ అధ్యక్షురాలైంది. 1954 మే 21న మేయరుకు ఉత్తరం రాసింది. ఆమె అడిగినవి చూడండి. మేం వెనకనుంచి ముందుకు, వాళ్ళు ముందునుంచి వెనక్కు కూర్చుంటూ రానివ్వండి. డబ్బులిచ్చాక దిగి మళ్ళీ ఎక్కమనకండి. మా పేటల్లోనూ ప్రతి మలుపులో బస్సు ఆపండి. అంతే! లేదంటే బస్సులు మానేసే ఆలోచనలో పాతిక సంఘాలున్నాయని అందులోనే చెప్పింది. రోజా పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర ముందు మాట ఇది. అలసిపోయి లేవలేని ఒక ఆడమనిషి వల్ల ఉద్యమం దానంతటదే పుట్టిందని ఇంకా ఎవరైనా చెబితే, దయచేసి ఈ ఉత్తరం తేదీ చెప్పండి.

ఇక ఆ రాత్రి. రోజా పార్క్స్ అరెస్టు సంగతి లాయరు ఫ్రెడ్ గ్రే నోట రాబిన్సన్ వినేసరికి పొద్దుపోయింది. సహాధ్యాపకుడు జాన్ కానన్‌కు స్టెన్సిల్ నుంచి కాపీలు తీసే కాలేజీ సైక్లోస్టైల్ మిషను అందుబాటులో ఉంది. అతనూ, ఇద్దరు విద్యార్థులూ, ఆవిడా అర్ధరాత్రి కాలేజీకి చేరారు. ఇక్కడ యూనియన్లలో పనిచేసిన పెద్దలున్నారు, మీకు చెప్పక్కర్లేదు. మైనం స్టెన్సిల్ మీద టైపు కొట్టాలి. గట్టిగా పడితే సున్నా సున్నాలా తెగి ఊడిపోతుంది, మెత్తగా పడితే సిరా దిగదు. ముడత పడితే ప్రతి కాపీ మీదా గీత. కాగితాలకు చెమ్మ తగిలితే రెండేసి అంటుకుని వస్తాయి. ఆవిడ ఒకే కాగితం మీద అదే కబురు మూడుసార్లు వచ్చేట్టు స్టెన్సిల్ కట్టింది. తీశాక మూడుగా కోయడమే. 35 వేల కరపత్రాలు కావాలంటే 12 వేల కాగితాలు చాలు. అచ్చయినవి అంతకు తక్కువ కాదు. తెల్లవారుజామున నాలుగుకల్లా కోసి కట్టలు కట్టేశారు. ఏ కట్ట ఎవరికి, ఏ వీధి ఎవరిది అని చీకటుండగానే పంచుకున్నారు. ఎనిమిదికి ఆవిడ క్లాసు చెప్పింది! ఆ తరవాత కారులో కట్టలేసుకుని బళ్ళు, అంగళ్ళు, క్షౌరశాలలు తిరిగింది.

కరపత్రం మీద ఆమె పేరు లేదు. ఉండకూడదు కూడా. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే కాలేజీ. ప్రిన్సిపాలుకు తెలిసి ముందు మండిపడ్డాడు, తరవాత చల్లబడి కాగితాల ఖర్చు కట్టమన్నాడు. మండలి కట్టింది.

అమ్మా, ఆ వెనక వరసలో ఉన్న ఆడపిల్లలూ, మీకొక పేరు. క్లాడెట్ కాల్విన్. పదిహేనేళ్ళ పిల్ల. అదే ఏడాది మార్చి 2న, అదే ఊళ్ళో సీటు వదలనంది. పెద్దలు ఆ పిల్లను ముందు నిలబెట్టడానికి జంకారు. కానీ బస్సుల్లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టే పద్ధతిని కోర్టులో కొట్టేయించిన కేసు రోజా పార్క్స్‌ది కాదు. ఆ కేసు వేసింది అరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీస్ స్మిత్, ఈ పిల్ల. నలుగురూ ఆడవాళ్ళే.

సమయం అయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట. బహిష్కరణ 381 రోజులు సాగింది. మొదట టాక్సీలు పది సెంట్లకే ఎక్కించుకున్నాయి. కనీసం 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని నగరం పట్టుబట్టింది. అప్పుడు జనం సొంత కార్లు దింపారు. ఎక్కించుకోవడానికి 48 చోట్లు, తిరిగి తీసుకెళ్ళడానికి 42 చోట్లు. రాబిన్సన్ కూడా పాఠాలయ్యాక బండి తోలేది, బహిష్కరణ నడిపిన సంఘం వార్తాపత్రికా రాసేది. ఒక రాత్రి పోలీసు దుస్తుల్లో వచ్చినవాళ్ళు ఆ కారు మీద యాసిడ్ పోశారు. పైకప్పంతా చిల్లులు పడింది. ఆమె దాన్ని మార్చలేదు. ఆ చిల్లుల కారునే తోలింది.