ఆడిబుల్ ఆల్టిమీటర్ ఏది కొనాలి? ముందు మీ హెల్మెట్ తీసి చూడండి

నమస్కారం. టెక్సాస్‌లోనో, కాలిఫోర్నియాలోనో, దుబాయ్‌లోనో స్కైడైవింగ్ నేర్చుకుని, ఈమధ్యే ఏ-లైసెన్స్ (స్కైడైవర్ల మొదటి లైసెన్స్) చేతికొచ్చిన మనవాళ్లకోసం ఈ వీడియో. లైసెన్స్ రాగానే అందరూ కొనాలనుకునే వస్తువుల్లో ఆడిబుల్ ఒకటి. హెల్మెట్‌లో చెవి పక్కన కూర్చుని, గాలి పీడనాన్నిబట్టి ఎత్తు లెక్కగట్టి, మీరు పెట్టిన ఎత్తు రాగానే కీచుమని మోగే చిన్న డబ్బీ. అంతే. అది పారాచూట్ తెరవదు. తెరిచేది ఏఏడీ, అంటే దానంతట అదే రిజర్వ్‌ను (అదనపు పారాచూట్‌ను) తెరిచే పరికరం. ఉదాహరణకు సైప్రెస్ ఎక్స్‌పర్ట్, మీరు సెకనుకు 35 మీటర్ల వేగంతో ఇంకా పడిపోతూ ఉంటే 750 అడుగుల దగ్గర రిజర్వ్‌ను మూసి ఉంచే తాడు ముడిని కోసి, దాన్ని తెరుస్తుంది. ఇంట్లోవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, పాపం. మీరు మాత్రం కలపకండి.

ముందు ఒక లెక్క. పొట్ట కిందకి పెట్టి పడుతున్నప్పుడు వేగం గంటకు సుమారు 120 మైళ్లు, అంటే సెకనుకు 175 అడుగులు. వెయ్యి అడుగులు ఆరు సెకన్లలోపే అయిపోతాయి. తలకిందులుగా, 160 మైళ్ల వేగంతో పడుతుంటే నాలుగు సెకన్ల పైచిలుకే. ఆ భంగిమలో చేతికున్న ఆల్టిమీటర్ చూడటం కష్టం. అందుకే ఫ్రీఫ్లై, అంటే ఇలా తలకిందులుగానో నిలువుగానో పడటం, చేసేవాళ్లకి ఆడిబుల్ దాదాపు తప్పనిసరి. మిగతావాళ్లకి అది రెండో సాక్షి మాత్రమే. మొదటి సాక్షి మీ చేతికున్నదే.

ఇప్పుడు మూడు మోతల సంగతి. మామూలు ఆడిబుల్‌లో ఫ్రీఫాల్‌కి (పారాచూట్ తెరవకముందు పడే దశకి) మూడు ఎత్తులు పెట్టుకోవచ్చు. నలుగురు కలిసి దూకుతున్నారు, 3,500 అడుగులకి పుల్ (పారాచూట్ తెరవడం) అనుకుందాం. అయిదుగురి వరకూ ఉన్న గుంపుకి, పుల్ చేసే ఎత్తుకి 1,500 అడుగుల పైన బ్రేకాఫ్ (ఒకరికొకరు దూరంగా విడిపోవడం) పెట్టమని అమెరికా పారాచూట్ అసోసియేషన్ సలహా. కాబట్టి మొదటి మోత 5,000. ఆరుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంకో 500 పెంచండి. రెండోది పుల్‌కి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. సరిగ్గా 3,500 దగ్గర పెడతారు. మోత విన్నాక చేతులూపి పైవాళ్లకి సైగ చెయ్యడానికి రెండు సెకన్లు పడుతుంది. అంటే 350 అడుగులు పోయాయి. పైలట్ చూట్ (పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న చూట్) చెయ్యి దాటేసరికి 3,150. అందుకని 3,800 పెట్టండి. మూడోది 2,500. ఏ-లైసెన్స్‌వాళ్లకి అది డెసిషన్ ఆల్టిట్యూడ్. ఆ మోత వినపడినప్పుడు నెత్తిమీద మంచి కనోపీ (తెరుచుకున్న పారాచూట్) లేకపోతే ఇక ఆలోచన లేదు, రిజర్వే. తర్వాతి మెట్టయిన బీ-లైసెన్స్ నుంచి అది 1,800.

మొదటి మోతకే ఉలిక్కిపడ్డారంటే ఎత్తుమీద ధ్యాస అప్పటికే తప్పిందని అర్థం. ఆ జంప్ గురించి కిందకి దిగాక కోచ్‌తో మాట్లాడాల్సిందే.

సరే, ఏది కొనాలి? డెన్మార్క్‌కి చెందిన లార్సెన్ అండ్ బ్రుస్‌గార్డ్ చేసే ఆప్టిమా, క్వాట్రో, ప్రోట్రాక్ డ్రాప్‌జోన్లలో (స్కైడైవింగ్ కేంద్రాల్లో) ఎక్కువగా కనిపిస్తాయి. ప్రోట్రాక్ అయితే జంప్‌ల లెక్క కూడా రాసుకుంటుంది. కానీ పేరు చూసేముందు హెల్మెట్ లోపల చూడండి. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. చెవి దగ్గర గుడ్డతో కుట్టిన చిన్న జేబు ఉంది కదా, డబ్బీ ఇందులో బిగుతుగా దిగాలి. శబ్దం వచ్చే చిల్లు ఎటు ఉందో చూడండి. అది చెవివైపు తిరిగి ఉండాలి. తిప్పి దోపితే మోత హెల్మెట్ లోపలి ఫోమ్‌కి పోతుంది, మీకు రాదు. వదులుగా ఉంటే ఒక జంప్‌లో వెనక్కి జారుతుంది. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకునేవాళ్లు, అవి పెట్టుకునే శబ్దం స్థాయి సరిచూసుకోవాలి. జలుబు చేసి చెవి మూసుకుపోయిన రోజు దూకకపోవడమే మేలు.

శబ్దం కన్నా ముఖ్యమైనది సున్నా. నేలమీద ఉన్నప్పుడు డబ్బీ సున్నా చూపాలి. శాన్‌డియేగోలో సముద్రపు ఒడ్డున ఆన్ చేసి, దాదాపు 1,400 అడుగుల ఎత్తులో ఉన్న పెరిస్ డ్రాప్‌జోన్‌కి వెళ్లారనుకోండి. అది తనంతట తాను సరిచేసుకోని రకమైతే 4,000కి పెట్టిన మోత నేలకి 2,600 అడుగుల దగ్గర మోగుతుంది. కొన్ని రకాలు నేలమీద ఉన్నంతసేపూ సున్నా సరిచేసుకుంటూ ఉంటాయి. మీది ఏ రకమో మాన్యువల్‌లో చదవండి. ఏదైనా సరే, విమానంలో కూర్చుని ఆన్ చెయ్యడం మాత్రం వద్దు.

ఎండ, చలి కూడా లెక్కలోకి వస్తాయి. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి, ఉష్ణోగ్రతని లెక్కలోకి తీసుకోని పరికరం 45 డిగ్రీల ఎండలో 4,000 అన్నప్పుడు అసలు ఎత్తు 4,400 దాకా ఉండొచ్చు. అది మనకి మేలే. మైనస్ 15లో మాత్రం అదే 4,000 నిజానికి 3,600 లోపు. చలి ఊళ్లలో దూకేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఇంకోటి. ఫ్రీఫాల్ మోతలు ఒక వేగం దాటితేనే పనిచేస్తాయి. కింద ఎత్తులో దూకి వెంటనే కనోపీ తెరిచే జంప్‌లో అవి మోగకపోవచ్చు. వింగ్‌సూట్‌లో (రెక్కల్లాంటి గుడ్డ ఉన్న సూట్‌లో) కిందకి దిగే వేగం తక్కువ కాబట్టి అక్కడా అంతే. దానికి తగ్గ సెట్టింగ్ ఉన్నది చూసుకోవాలి. కనోపీ కింద మోగే మోతలు ఉన్న మోడల్ అయితే 900, 600, 300 అడుగులకి పెట్టుకుని ల్యాండింగ్ ప్యాటర్న్‌తో (నేలకి దిగేముందు తిరిగే దారితో) సరిచూసుకోవచ్చు. కొత్తవాళ్లకి అవి లేకున్నా ఏమీ కాదు. కన్ను అలవాటు పడటమే ముఖ్యం.

సెకండ్‌హ్యాండ్ కొంటే మూడు చూడండి. బ్యాటరీ మూత కింద ఆకుపచ్చ తుప్పు ఉందా? పాత యజమాని ఎత్తులే ఇంకా ఉన్నాయా? అడుగుల్లో ఉందా, మీటర్లలో ఉందా? యూరప్ నుంచి వచ్చినవి తరచూ మీటర్లలో ఉంటాయి. తెరమీద 1,000 అని ఉంటే అది 3,280 అడుగులు.