బాడుగ ఎవరు కడతారు?

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి 1886లో మున్సిపాలిటీ అయింది, 2007లో నగరపాలక సంస్థ అయింది. ఇంత పాత ఊరిలో కూలగొట్టి తిరిగి కట్టవలసిన కట్టడాలు ఉండడంలో వింత లేదు. అటువంటి ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు ‘ప్రధాన డెవలపర్’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. నాలుగు సంస్థలు కూటమిగా టెండరు వేస్తే, అందరి తరఫున కార్పొరేషన్‌కు జవాబు చెప్పవలసిన సంస్థ అది. దాని అనుభవం ఎంత, కార్పొరేషన్‌కు వచ్చే ఆదాయం ఎంత అని కార్పొరేటర్లు అడుగుతారు, అడగవలసిందే. నేను మాత్రం ముందుగా అడిగేది ఒక్కటే: పని మధ్యలో ఆగితే, ఖాళీ చేసి వెళ్లినవారు వేరేచోట ఉన్నందుకు అయ్యే బాడుగ ఎవరు కడతారు?

ఢిల్లీలో షాదీపూర్ దగ్గర కఠ్‌పుత్లీ కాలనీ ఉండేది. రాజస్థాన్ నుంచి వచ్చిన బొమ్మలాటవారు, గారడీవారు, డోలు వాయించేవారు అక్కడ తరాలుగా నివసించారు. ఆ స్థలంలోనే వారికి ఫ్లాట్లు కట్టించి, మిగిలిన భాగంలో డెవలపర్ తాను అమ్ముకొనే భవనాలు కట్టుకొనే పద్ధతిలో, ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2009లో ఒక ప్రైవేటు డెవలపర్‌కు పని అప్పగించింది. కాగితం మీద అందరికీ లాభమే. తమ పెద్ద బొమ్మలను, పొడవాటి వెదురు గడలను అపార్టుమెంటులో ఎక్కడ పెట్టుకోవాలని కళాకారులు అడిగారు. (మన పూల అంగళ్లవారు తెల్లవారుజామున బుట్టలు దించుకొనే వాకిలి గురించి కూడా ఇలాగే ఎవరైనా అడగాలి.) కొందరు ఆనంద్ పర్బత్‌లోని తాత్కాలిక శిబిరానికి వెళ్లారు, తిరిగి రానిస్తారన్న నమ్మకం లేక కొందరు కదలలేదు. 2017లో మిగిలిన ఇళ్లను కూల్చివేశారు. ఆ తరువాత ఏళ్లు గడిచినా ఎన్నో కుటుంబాలు తాత్కాలికమన్న ఆ శిబిరంలోనే ఉండిపోయాయి.

2016 నాటి స్థిరాస్తి చట్టం, అంటే రెరా, ప్రాజెక్టులో మెజారిటీ హక్కులను డెవలపర్ మరొకరికి బదిలీ చేయాలంటే మూడింట రెండు వంతుల కేటాయింపుదారుల, అంటే అందులో ఫ్లాటో అంగడో కొనుక్కున్నవారి, లిఖిత సమ్మతి, రెరా అథారిటీ ముందస్తు అనుమతి ఉండాలంటుంది. ఆ రక్షణ పాత బాడుగదారుకు వర్తిస్తుందా లేదా అనే వాదనకు తావు లేకుండా, అదే షరతును మన ఒప్పందంలోనే రాసుకోవడం మంచిది. ప్రధాన డెవలపర్ మారాలంటే ఆ విషయం తిరిగి కౌన్సిల్‌కే రావాలి, అదీ సమావేశం నాటి ఉదయం చేతికిచ్చే టేబుల్ ఎజెండాగా కాకుండా, చదువుకొనే వ్యవధి ఇచ్చి రావాలి.

ఇక బాడుగ మాట. ఒక్క అంగడి ఖాళీ చేయించే ముందే, నిర్మాణ గడువు మొత్తానికీ, ఆపైన మరొక ఏడాదికీ సరిపడే బాడుగకు డెవలపర్ కార్పొరేషన్ పేర బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. కొత్త గది తాళం చెవి పాత అంగడివారి చేతికి అందిన తరువాతే ఆ గ్యారంటీని వెనక్కి ఇవ్వాలి. మీ వార్డు కార్పొరేటరును ఈ షరతు ముసాయిదాలో ఎన్నో పేజీలో ఉందో చూపించమని అడగండి.