ఆ హత్యను పక్కన పెట్టి ఒక్కసారి వినండి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. బెంగళూరులో మన తెలుగువాళ్ల సభలో బ్లాక్ మెటల్ గురించి, అంటే అరుపులతో, హోరెత్తే గిటార్లతో సాగే రాక్ సంగీతం గురించి మాట్లాడనిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

నార్వే బ్యాండ్ మేహెమ్ 1984లో మొదలైంది. తొలి పూర్తి ఆల్బమ్ ‘డే మిస్టీరియిస్ డోమ్ సాతానాస్’ వచ్చేసరికి 1994 అయింది. ఈలోగా గాయకుడు డెడ్ 1991లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1993 ఆగస్టులో, గిటార్ వాయించిన యూరోనిమస్‌ను బేస్ వాయించిన వార్గ్ వికర్నెస్ పొడిచి చంపాడు. చంపినవాడూ, అతని చేతిలో చనిపోయినవాడూ ఇదే ఆల్బమ్‌లో కలిసి వినిపిస్తారు. ఆ నేరాన్నీ, ఆ రోజుల్లో నార్వేలో కొందరు బ్లాక్ మెటల్ వాళ్లు చర్చిలు తగలబెట్టడాన్నీ నేను ఏమాత్రం సమర్థించను.

కానీ ముప్పై ఏళ్లుగా ఎవరు మాట్లాడినా ఇక్కడే ఆగిపోతున్నారు. నా బాధంతా అదే! బెర్గెన్ ఊళ్లో సింఫనీ కచేరీలు జరిగే గ్రీగ్ హాల్లో ఈ ఆల్బమ్‌ను రికార్డు చేశారు. బ్యాండ్ డ్రమ్మర్ హెల్‌హామర్ వాయించింది వింటే ఆ హాలు ఎంత పెద్దదో తెలుస్తుంది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు.

మారతహళ్లిలో మా వీధిలో కర్నూలు కుటుంబం ఒకటి ఉంది. “అన్నా, మావాడు దెయ్యాల పాటలు వింటున్నాడు, మీరైనా చెప్పండి” అంటూ ఆ తండ్రి మా ఇంటికొచ్చాడు. ఆ హత్య మీద ఎవరో పంపిన వీడియో చూసి టెన్షన్ పడ్డాడు. పాట మాత్రం వినలేదు. అబ్బాయిని పిలిచి, రెండో పాట ‘ఫ్రీజింగ్ మూన్’ పెట్టాను. నెమ్మదిగా నడుస్తున్న పాట ఒక్కసారిగా పరుగందుకునే చోట వాడు రెండు చేతులతో భోజనాల బల్ల మీద దరువందుకున్నాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. తండ్రి ఆ వేళ్లకేసి చూస్తూ, “నీకు చెయ్యి ఇంతగా ఎప్పుడు తిరిగిందిరా?” అన్నాడు. “మీరు పడుకున్నాక, దిండు మీద కొట్టుకుంటాను నాన్నా” అన్నాడు వాడు.

ఇక్కడున్న తండ్రులారా, తల్లులారా, మీ పిల్లలు ఏం వింటున్నారో వాళ్ల పక్కన కూర్చుని మీరూ వినండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. కానీ ఈ ఆల్బమ్‌లో డెడ్ స్థానంలో పాడిన అటిలా గొంతు గురించి చెప్పకుండా దిగను. ఈ హంగేరీ గాయకుడు అరవడు; మూలుగుతాడు, మంత్రం చదివినట్టు సాగదీస్తాడు. డెడ్ అరుపులకు అలవాటు పడ్డ అభిమానులు చాలామందికి అప్పట్లో ఇది రుచించలేదు. నాకు మాత్రం ఈ పాటల్లోని చావు భయం ఆ గొంతులోనే తెలిసింది. ఇప్పుడు ఆ రెండో పాట పెట్టిస్తున్నాను. మోత ఎక్కువనిపిస్తే వెనక వరసల్లోకి వెళ్లండి, దయచేసి బయటికి మాత్రం వెళ్లకండి.