ఒకవాంగోకు జూలైలో వెళ్లేవారు నీళ్లను మాత్రమే చూసి వస్తున్నారు

మిత్రులారా, ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ఒకవాంగో నది పాయలుగా చీలి పరుచుకునే చిత్తడి నేల, ఒకవాంగో డెల్టా, నిండుకుండలా ఉండే జూలైలో పక్షుల కోసం బయలుదేరేవారు అంత ఖర్చూ పెట్టి నీళ్లను చూసి వస్తున్నారు. గత వీడియోలో ఈ మాట అన్నందుకు, వరద తగ్గిన చిత్తడి నేలలో పక్షులేముంటాయని మీలో చాలామంది నాపై విరుచుకుపడ్డారు. ఆ మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. వెళ్తే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వెళ్లాలని ఈసారి ఇంకా గట్టిగా చెబుతున్నాను.

అంగోలా ఎగువ ప్రాంతాలలో కురిసిన వాన, నేల వాలు అతి స్వల్పం కావడం వల్ల నెలల తరబడి పాకుతూ వచ్చి, బోట్స్వానాలో వాన ఊసే లేని జూన్, ఆగస్టు నెలల మధ్య డెల్టాను ముంచెత్తుతుంది. ఇంత విచిత్రమైన నదికి మనం సెలవుల క్యాలెండరు చూసి టికెట్లు కొంటున్నాము!

నీరు మైదానమంతా పరుచుకున్నప్పుడు చేపలూ దానితోపాటే చెదిరిపోతాయి, వాటి వెంట కొంగలూ చెదిరిపోతాయి. నీరు తగ్గడం మొదలయ్యాక చిన్న చేపలు విధిలేక పాయల్లోకి దిగుతాయి. అక్కడ వాటికోసం కాచుకున్న క్యాట్‌ఫిష్‌లు గుంపులు గుంపులుగా పపైరస్ అనే పొడవాటి నీటి గడ్డి దుబ్బుల మధ్య నీటిని కలచివేస్తూ వేటాడుతుంటే, ఆ అలికిడి విన్న కొంగలు, ఫిష్ ఈగిల్ పక్షులు గట్టున బంతికి కూర్చున్నట్లు బారులు తీరుతాయి. నా దృష్టిలో ఒకవాంగో అంటే ఆ విందే. 400కు పైగా జాతులున్నాయని జాబితా చూపి, అవన్నీ ఏ నెలలో వచ్చినా కనబడతాయన్న భ్రమ కలిగించే ప్రకటనలంటే నాకు ఒళ్లు మంట.

కార్మైన్ బీ-ఈటర్ సంగతి చూడండి. ఆ ఎర్రని పిట్ట నిట్టనిలువు ఒడ్డులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది; నది ఒడ్డును ఒరుసుకుని పారుతుంటే తవ్వడానికి చోటెక్కడిది? కింది ముక్కు పొడవుగా ఉండే ఆఫ్రికన్ స్కిమ్మర్ అయితే నీటిలోంచి బయటపడిన ఇసుక తిన్నెల మీదనే గుడ్లు పెడుతుంది. జూలైలో ఆ తిన్నెలు నీటి అడుగున ఉంటాయి.

మోకోరో పడవలో కలువల మధ్య తేలిపోవడం జూలైలోనే హాయి అంటారా? ఒప్పుకుంటాను, కానీ అది పడవ షికారు. అక్టోబరు ఎండ 40 డిగ్రీలు దాటవచ్చు కాబట్టి తెల్లవారకముందే నీటి మీద ఉండాలి, మధ్యాహ్నం నీడపట్టున పడుకోవాలి. అందరూ దిగే మౌన్ పట్టణంతో సరిపెట్టుకోకుండా, ఎగువన నది ఇంకా చీలిపోని షకావే వైపు కనీసం మూడు రాత్రులు కేటాయించండి; పెల్స్ ఫిషింగ్ ఔల్ అనే చేపలు పట్టే గుడ్లగూబను వెదకడానికి అక్కడి ఒడ్డున ఉన్న పెద్ద చెట్లే సరైన చోటు.

పడవ మాట్లాడుకునేటప్పుడే, తిన్నెల దగ్గర ఇంజను నెమ్మదించాలని షరతు పెట్టండి. ఫొటో కోసం తొందరపెట్టి వేగంగా పోనిస్తే, ఆ అలకు స్కిమ్మర్ గుడ్లు కొట్టుకుపోతాయి. ఇప్పటికే జూలైకి టికెట్ కొన్నవారు మాత్రం, నన్ను తిట్టే ముందు, తేదీ మార్చుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి.