యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో ఏ కెపాసిటర్ వాడాలి? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో వాడే కప్లింగ్ కెపాసిటర్, అంటే ఒకే దిశలో పారే డీసీ కరెంటును ఆపి పాట సంకేతాన్ని మాత్రం లోపలికి పంపే కెపాసిటర్ గురించిన సందేహాలకు ఈ వారం మన ఎలక్ట్రానిక్స్ నిపుణులు సమాధానం ఇస్తారు. వరంగల్ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. టీడీఏ2030 ఐసీతో, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి యాంప్లిఫయర్ తయారు చేసుకున్నాను. పాట స్పష్టంగానే వస్తోంది గానీ, మృదంగంలో తొప్పి వైపు, అంటే ఎడమ వైపు లోతైన నాదం పలచగా వినిపిస్తోంది. అవే స్పీకర్లను పాత యాంప్లిఫయర్‌కు కలిపితే నిండుగా పలుకుతున్నాయి. ఇన్‌పుట్‌లో 104 అని రాసి ఉన్న సిరామిక్ బిళ్ల ఒకటి ఉంది.

నిపుణులు: స్పీకర్లను పాత యాంప్లిఫయర్‌కు కలిపి చూడడం మంచి పని అయిందండీ, అనుమానం సగం అక్కడే తీరిపోయింది. 104 అంటే 0.1 మైక్రోఫారడ్. ఆ కెపాసిటర్ తరువాత ఐసీ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ఎంత రెసిస్టర్ ఉంది?

శ్రోత: 22 కిలో ఓమ్‌లండీ.

నిపుణులు: అయితే లోపం అక్కడే ఉంది. కెపాసిటర్ విలువను ఎప్పుడూ ఆ రెసిస్టర్‌తో కలిపే చూడాలి. ఓమ్‌లలో రెసిస్టర్‌ను, ఫారడ్‌లలో కెపాసిటర్‌ను, 6.28ను గుణించి, వచ్చిన దానితో 1ని భాగిస్తే, సంకేతం 3 డెసిబెల్‌లు, అంటే వోల్టేజిలో సుమారు 30 శాతం తగ్గే ఫ్రీక్వెన్సీ తెలుస్తుంది. అదే హద్దు, దాని కింద ఉన్న లోతైన స్వరాలు ఇంకా తగ్గిపోతాయి. మీ బోర్డులో అది సుమారు 72 హెర్ట్జ్. 40 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి సంకేతం వోల్టేజి సగానికి పడిపోతుంది. అదే 1 మైక్రోఫారడ్ పెడితే 7 హెర్ట్జ్‌కు దిగుతుంది, 20 హెర్ట్జ్ దగ్గర కూడా అర డెసిబెల్ మాత్రమే నష్టం. ఈ ఐసీ డేటాషీట్‌లోని సర్క్యూట్‌లోనూ 22 కిలో ఓమ్‌లకు 1 మైక్రోఫారడే ఇచ్చారు.

శ్రోత: సిరామిక్‌లోనే 1 మైక్రోఫారడ్ తీసుకోవచ్చా?

నిపుణులు: వద్దండీ. ఆ విలువలో దొరికే మామూలు సిరామిక్ కెపాసిటర్ల సామర్థ్యం తమ మీద పడే వోల్టేజిని బట్టి మారుతుంది. ఆ మార్పు వల్ల బేస్‌లో, అంటే లోతైన స్వరాల్లో, వక్రీకరణ వస్తుంది. పైగా బోర్డు అదిరితే అవి స్వయంగా చిన్న వోల్టేజిని పుట్టిస్తాయి. 63 వోల్టుల పాలియెస్టర్ డబ్బా కెపాసిటర్ తీసుకోండి. కొనే ముందు, పవర్ ఆపి, పాతదాన్ని తీయకుండానే బోర్డు అడుగున దానికి సమాంతరంగా మీ దగ్గరున్న ఏదైనా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను తాత్కాలికంగా అతికి వినండి. సమాంతరంగా కలిపినప్పుడు విలువలు కూడుకుంటాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది.

శ్రోత: మరి ఖరీదైన పాలీప్రొపిలీన్ అయితే ఇంకా బాగుంటుందంటున్నారు?

నిపుణులు: విలువ చాలినంత ఉంటే కెపాసిటర్ మీద పడే సంకేతం వోల్టేజి అతి స్వల్పం, కాబట్టి పాలియెస్టర్‌కూ దానికీ చెవికి తెలిసే తేడా ఉంటుందని నేను అనుకోను. పైగా 1 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ పరిమాణంలో పెద్దది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇన్‌పుట్‌లో పెడితే హమ్మును, అంటే కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని, పట్టుకునే అవకాశం ఎక్కువ. ఆ డబ్బుతో మంచి షీల్డ్ వైరు కొనుక్కోండి. మీ వాల్యూమ్ కంట్రోల్ ఎక్కడుంది?

శ్రోత: కెపాసిటర్‌కు ముందు, 10 కిలో ఓమ్‌లదండీ.

నిపుణులు: అలాగే ఉంచండి. ఐసీ నుంచి వచ్చే స్వల్ప డీసీ కరెంటు వాల్యూమ్ కంట్రోల్ గుండా పారకుండా కెపాసిటర్ ఆపుతుంది. లేకపోతే తిప్పినప్పుడల్లా గరగర వినిపిస్తుంది. పాట ఇచ్చే పరికరం నుంచే డీసీ వస్తూ ఉంటే మాత్రం కంట్రోల్‌కు ముందు ఇంకో కెపాసిటర్ కావాలి. వాల్యూమ్ పూర్తిగా పెంచినప్పుడు దానికి 10, 22 కిలో ఓమ్‌లు సమాంతరంగా, అంటే సుమారు 7 కిలో ఓమ్‌లే కనబడతాయి కనుక అక్కడ 4.7 మైక్రోఫారడ్ పెట్టాలి.

శ్రోత: ఇవన్నీ మార్చినా బేస్ చాలకపోతే?

నిపుణులు: ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరిగి ఐసీ ఇన్‌పుట్‌కు పంపే దారిలో, 680 ఓమ్‌ల రెసిస్టర్‌కు వరుసలో ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను చూడండి. అది 22 మైక్రోఫారడ్ అయితే దాని హద్దు సుమారు 10 హెర్ట్జ్. ఎవరైనా అక్కడ 2.2 మైక్రోఫారడ్ వేసి ఉంటే హద్దు 100 హెర్ట్జ్ దాటిపోతుంది, అప్పుడు ఇన్‌పుట్‌లో ఎంత పెద్ద కెపాసిటర్ పెట్టినా తొప్పి నాదం తిరిగి రాదు.