అడవి ఎలుకకు రోడ్డే గోడ!

నమస్తే అన్నలూ, అక్కలూ! ఒక్క మాట సూటిగా చెప్తా, రాసిపెట్టుకోండి. అడవి నడుమ నుంచి వెడల్పాటి రోడ్డు పడితే, కొన్నాళ్లకు అటుపక్క ఎలుక వేరు, ఇటుపక్క ఎలుక వేరు. చూపుకు ఒకటే. డీఎన్‌ఏలో వేరు!

అడవుల్లో రోడ్ల పంచాయితీ మీకు తెలిసిందే. పులి దాటడానికి దారి వదలాలా వద్దా అని టీవీల్లో కొట్టుకుంటున్నారు. ఎలుక పేరెత్తితే మాత్రం "అదెంత, ఉరికి దాటుతుంది" అని తీసిపారేస్తారు. దాటదన్నా! దాటదు!

ఒక రాత్రి ములుగు జిల్లా తాడ్వాయి అడవి దగ్గర బండి ఆపి కూర్చున్నా. టేకాకుల కింద నుంచి బొటనవేలంత చిట్టెలుక తారు అంచు దాకా వచ్చింది. ముక్కు ఆడించింది. తెల్లగీత మీద కాలు పెట్టింది, తీసేసింది. తిరిగి ఆకుల్లోకే పోయింది. నెత్తిన ఆకు లేని చోట గుడ్లగూబ తన్నుకుపోతుందని దానికి తెలుసు.

నా మాట నమ్మొద్దు, జర్మనీ పోదాం పదండి. గెర్లాక్, ముసోల్ఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో బ్యాంక్ వోల్ అనే అడవి చిట్టెలుకలను పట్టి డీఎన్‌ఏ చూశారు. 2000లో అచ్చైంది. చిన్న రోడ్డుకు రెండు పక్కలా తేడా తేలలేదు. రైలు పట్టాల దగ్గరా తేలలేదు. హైవే దగ్గర? రెండు పక్కలవీ విడిపోయాయి! నేను మొత్తుకునేది ఇదే. రోడ్డు కాదు, దాని వెడల్పే అసలు దోషి!

న్యూయార్క్‌లో ఇంకా ఘోరం. తెల్లకాళ్ల ఎలుకలు నగరం పెరిగి ఏ పార్కులో చిక్కినవి ఆ పార్కులోనే ఉండిపోయాయి. 2010లో వచ్చిన పరిశోధన చూస్తే, పార్కు మారితే డీఎన్‌ఏ మారుతోంది. ఎందుకంటే ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు రాకపోకలు తెగిపోయాయి. కొత్త రక్తం రాదు. చిన్న మందైతే ఉన్న రకరకాల గుణాలు కూడా ఒక్కొక్కటే రాలిపోతాయి. రేపు కొత్త రోగం వస్తే తట్టుకునే గుణం ఎక్కడి నుంచి తెస్తాయి?

మా తాత చదువుకోలేదు. వరి కోతలయ్యాక బొరియలు తవ్వితే పందికొక్కు దాచిన వడ్ల కంకులు గంపలకెత్తేవాడు. "చెల్క ఎలుక వేరు, గుట్ట ఎలుక వేరు బిడ్డా" అనేవాడు. తోక చూసి చెప్పేవాడు! అమెరికాలో 2022లో డీర్ మౌస్ అనే ఎలుక మీద అచ్చైన పరిశోధనలోనూ గడ్డి మైదానపు ఎలుక కంటే అడవి ఎలుకకే తోక పొడవు. దాని వెనుక క్రోమోజోములో తిరగబడిన ఒక పెద్ద ముక్క ఉందని తేలింది.

2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు కూలితే అందరం ఉరికిపోయి చూశాం. వాటి కింద బొరియల్లో ఉన్నవాటి సంగతి ఎవరం అడిగాం? నేనూ అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పాము బతికేది, గుడ్లగూబ బతికేది వాటి మీదే. అవి దాచి మరిచిన గింజే చాలాసార్లు మొక్కవుతుంది.

అందుకే అడుగుతున్నా. అడవిలో రోడ్డు వెడల్పు చేసే ముందు రెండు పక్కలా ఎలుకలను పట్టి, చెవి అంచు నుంచి చిటికెడు ముక్క తీసి డీఎన్‌ఏ చూడండి. రోడ్డు కింద అవి దూరిపోయేలా పొడి తూములు పెట్టండి. కొలతలు గీసే రోజే పెట్టండి, తారు పోశాక కాదు!